హాజరుపట్టీ నుంచి పఠనం దాకా: ప్రాథమికోన్నత తరగతుల్లో విద్యార్థి సమాచార వినియోగం

స్వాతంత్ర్యానంతరం మన దేశం విద్యారంగంలో సాధించిన విజయాలలో ముందుగా చెప్పుకోదగినది పాఠశాల ప్రవేశం. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. 2011 నాటికి వారి సంఖ్య నూటికి 74కు పెరిగింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయస్సుగల బాలబాలికలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ప్రసాదించిన 2009 నాటి చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. నేడు గ్రామీణ ప్రాంతాల్లో సైతం ఆ వయస్సు పిల్లల్లో నూటికి 95 మందికి పైగా ఏదో ఒక బడిలో పేరు నమోదు చేసుకున్నవారే. బడి లేని ఊరు, బడికి పోని బిడ్డ అనే పాత సమస్య చాలావరకు తీరింది.

అయితే హాజరుపట్టీలో పేరుండడం వేరు, పుస్తకం తెరిచి చదవగలగడం వేరు. 2005లో ప్రారంభమై గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల పఠనశక్తిని పరిశీలిస్తున్న ‘అసర్’ సర్వే ఈ వ్యత్యాసాన్ని స్పష్టంగా చూపింది. ‘అసర్’ అనే హిందీ మాటకు ప్రభావమని అర్థం. పాఠశాల ప్రభావం పిల్లవానిపై ఏ మేరకు పడిందో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. రెండవ తరగతి స్థాయి కథను ధారాళంగా చదవగలిగిన ఎనిమిదవ తరగతి విద్యార్థులు 2018లో నూటికి సుమారు 73 మంది. కరోనా కాలంలో బడులు మూతపడిన అనంతరం, 2022లో, ఈ సంఖ్య 69.6కు తగ్గింది. 2024లో 71.1కి చేరింది. అంటే ఎలిమెంటరీ విద్య పూర్తిచేయబోతున్న ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి రెండవ తరగతి కథ సైతం కొరుకుడుపడడం లేదన్నమాట.

ఈ ముగ్గురి స్థితి ఎంత క్లిష్టమైనదో ఆలోచించవలసి ఉంది. మొదటి అయిదు తరగతులూ చదవడం నేర్చుకునే కాలం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదివి విషయాలను నేర్చుకునే కాలం. ఇక్కడ చరిత్ర, భూగోళం, సామాన్యశాస్త్రం పాఠాలు వచ్చిపడతాయి. పఠనం రాని బాలుడు తెలుగులో ఒక్కదానిలోనే గాక అన్ని పాఠ్యాంశాలలోనూ వెనుకబడతాడు. ఉపాధ్యాయులు సైతం ఈ దశలో పాఠ్యవిషయాన్ని బోధించేవారే గాని అక్షరాలను నేర్పేవారు కారు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ‘నిపుణ్ భారత్’ కార్యక్రమం మూడవ తరగతి ముగిసేలోగా ప్రతి శిశువుకు చదవడం, రాయడం, లెక్కించడం రావాలని సంకల్పించింది. అది ఎంతో అవసరమైన సంకల్పం. కాని అప్పటికే ఆరవ తరగతికి చేరిన పిల్లవాడు ఆ సంకల్పపు వయస్సు దాటిపోయాడు. అతనికి మిగిలిన వ్యవధి మూడేళ్ళే. ఆ మూడేళ్ళను సద్వినియోగం చేయాలంటే, అతనికి ఏమి వచ్చునో, ఏమి రాదో ముందుగా తెలియాలి. విద్యార్థి సమాచార సేకరణ ప్రాముఖ్యం ఇక్కడే ఉన్నది.

మూడు రకాల సమాచారం

పాఠశాలల నుంచి సేకరించే సమాచారం స్థూలంగా మూడు రకాలు. మొదటిది పరిపాలన సమాచారం. ఎన్ని బడులున్నాయి, ఎందరు ఉపాధ్యాయులున్నారు, ఎందరు చేరారు, ఎందరు మానివేశారు అనే వివరాలను ‘యుడైస్’ అనే ఏకీకృత జిల్లా విద్యా సమాచార వ్యవస్థ ఏటా సేకరిస్తుంది. 2022-23 నుంచి ఈ వివరాలు విద్యార్థివారీగా నమోదవుతున్నాయి. గదులు, గురువులు, గ్రంథాలు ఎక్కడ అవసరమో నిర్ణయించడానికి ఇది ఉపకరిస్తుంది. పిల్లవాడు చదవగలడా అనే ప్రశ్నకు మాత్రం ఇందులో సమాధానం దొరకదు.

రెండవది నమూనా సర్వే. 2017 నవంబరులోను, 2021 నవంబరులోను జరిగిన జాతీయ సాధన సర్వేలు, 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు నిర్వహించిన ‘పరఖ్’ రాష్ట్రీయ సర్వేక్షణ ఈ కోవకు చెందినవి. ‘పరఖ్’ అంటే హిందీలో నాణ్యాన్ని గీటురాయిపై పరీక్షించడం. కొన్ని పాఠశాలలను, కొందరు విద్యార్థులను ఎంపిక చేసి పరీక్షిస్తారు గనుక ఒక జిల్లా లేదా రాష్ట్రం ఎక్కడున్నదో ఇవి చెప్పగలవు. కుండలో అన్నం ఉడికినదా లేదా తెలుసుకోవడానికి ఒక్క మెతుకు చాలును. కాని తరగతి గది కుండ వంటిది కాదు. అక్కడ ప్రతి మెతుకూ వేర్వేరుగా ఉడుకుతుంది. అందుచేత ఏ పిల్లవానికి ఏమి రాదో నమూనా సర్వే చెప్పలేదు, చెప్పడం దాని పని కూడా కాదు.

మూడవది తరగతి గది సమాచారం. దీన్ని సేకరించేవారూ, ఉపయోగించవలసినవారూ ఒక్కరే, ఆ తరగతి ఉపాధ్యాయులు. మూడింటిలోనూ అతి తక్కువ ఖర్చుతో లభించేది, అతి తక్కువ గౌరవం పొందుతున్నది ఇదే.

అయిదు మెట్లు

తరగతి గదిలో పఠనశక్తిని తెలుసుకోవడానికి విస్తారమైన ప్రశ్నపత్రాలు అక్కరలేదు. ‘అసర్’ సర్వేలోను, 1990 దశకం మధ్యలో ముంబయిలో ఆవిర్భవించిన ‘ప్రథమ్’ సంస్థ బోధనా కార్యక్రమాల్లోను వాడే సాధనం ఒకే ఒక కాగితం. దానిపై కొన్ని అక్షరాలు, కొన్ని సులభమైన పదాలు, ఒకటవ తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండవ తరగతి స్థాయిలో ఒక చిన్న కథ ఉంటాయి. ఉపాధ్యాయుడు ఒక్కొక్క విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకొని చదివిస్తాడు. అతడు ఏ మెట్టుదాకా నిరాటంకంగా వెళ్ళగలడో గుర్తిస్తాడు. ప్రారంభదశ, అక్షరం, పదం, పేరా, కథ అనేవి అయిదు మెట్లు. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలకు మించి పట్టదు.

ఉదాహరణకు ఏడవ తరగతిలో 40 మంది విద్యార్థులున్న ఒక గ్రామీణ పాఠశాలను ఊహించుకుందాం. త్రైమాసిక పరీక్షలో ఆ తరగతి తెలుగు సగటు నూటికి 48 మార్కులు. ఈ సగటును చూసి ఉపాధ్యాయుడు మరునాడు ఏమి మార్చుకోగలడు? ఏమీ మార్చుకోలేడు. అదే తరగతిని పై కాగితంతో పరిశీలించగా 21 మంది కథ చదివారనుకుందాం. పదిమంది పేరా వద్ద, ఆరుగురు పదాల వద్ద, ముగ్గురు అక్షరాల వద్ద ఆగిపోయారు. ఇప్పుడు చిత్రం మారింది. ఒక తరగతి నాలుగు బృందాలుగా కనిపించింది.

ఇంకొంచెం లోతుకు వెళ్ళవచ్చు. పదాల వద్ద ఆగిన ఆరుగురు ఏ మాటలవద్ద తడబడుతున్నారో రాసి పెట్టుకుంటే, అందులో నలుగురు ‘అమ్మ’, ‘అక్క’ వంటి ద్విత్వాక్షరాలను చదవగలిగినా ‘శాస్త్రం’, ‘రాష్ట్రం’ వంటి సంశ్లేషాక్షరాలను చూసి ఆగిపోతున్నారని తేలవచ్చు. వారికి వర్ణమాల మొదటినుంచి చెప్పడం కాలహరణమే. ఒత్తులపై పదిరోజుల సాధన కావాలి. మిగిలిన ఇద్దరి వివరాలను హాజరుపట్టీతో కలిపి చూస్తే, ఏటా పత్తి ఏరే నెలల్లో వారు బడికి రావడం లేదని బయటపడవచ్చు. వారి సమస్య ఒత్తులది కాదు, బడికి దూరమైన రోజులది. తల్లిదండ్రులతో మాట్లాడడమే అక్కడ మొదటి పాఠం. ఒకే మెట్టుపై నిలిచిన ఆరుగురికి రెండు వేర్వేరు పరిష్కారాలు అవసరమని రెండు చిన్న పట్టికలు కలిసి చెప్పాయి. సమాచారాన్ని ఉపయోగించడమంటే ఇదే.

సమాచారం ఒక్కటే చాలదు

అయితే సమాచారం చేతికందగానే ఫలితం దానంతట అదే వస్తుందని భావించరాదు. ఈ విషయంలో మన దేశంలోనే జరిగిన రెండు పరిశోధనలు కళ్ళు తెరిపించేవి.

మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2005-06 ప్రాంతంలో 100 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో విద్యార్థులకు లోపనిర్ధారణ పరీక్షలు నిర్వహించి, ఏ విద్యార్థి ఏ అంశంలో వెనుకబడ్డాడో తెలిపే వివరమైన నివేదికలను, వాటిని ఎలా వాడుకోవాలో తెలిపే సూచనలను ఉపాధ్యాయులకు అందజేశారు. ఏడాది పొడవునా పరిశీలకులు తరగతులను చూసి వచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2010లో దీని ఫలితాలను ప్రకటించారు. పరిశీలకులు తరగతిలో ఉన్న సమయంలో ఆ పాఠశాలల ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధగా బోధించినట్లు కనిపించింది. కాని ఏడాది చివర పరీక్షిస్తే, నివేదికలు అందిన బడుల పిల్లలు అందని బడుల పిల్లలకంటే ఏమాత్రం ముందుకు పోలేదు.

రెండవది హర్యానాలో జరిగింది. విద్యాహక్కు చట్టం నిర్దేశించిన నిరంతర సమగ్ర మూల్యాంకనం ఫలితాలను, పిల్లలను స్థాయినిబట్టి బృందాలుగా చేసి బోధించే పద్ధతి ఫలితాలను 2012-13లో మహేంద్రగఢ్, కురుక్షేత్ర జిల్లాల పాఠశాలల్లో లాటరీ పద్ధతిన ఎంపిక చేసి పోల్చి చూశారు. మూల్యాంకన పథకాన్ని ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలు రెండింటిలోనూ పరీక్షించారు. ఉపాధ్యాయులు ఏడాది పొడవునా విద్యార్థుల ప్రగతిని పలు అంశాల కింద నమోదు చేయవలసి వచ్చింది. పట్టికలు నిండాయి గాని పఠనం పెరగలేదు. రెండు స్థాయిలలోనూ మూల్యాంకనం వల్ల గణనీయమైన ఫలితం కనబడలేదు.

అదే జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో రెండవ పద్ధతి ఫలించింది. అక్కడ రోజుకు ఒక గంట కాలాన్ని కేవలం పఠనానికి కేటాయించారు. ఆ గంటలో మూడవ, నాలుగవ, అయిదవ తరగతుల హద్దులను తొలగించి, ఎవరు ఏ మెట్టుపై ఉన్నారో ఆ మెట్టువారినందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. ఉపాధ్యాయులకు మార్గదర్శనం చేసే పర్యవేక్షకులు ముందుగా తామే కొన్ని రోజులపాటు పిల్లలకు ఆ పద్ధతిలో చెప్పి చూశారు. హిందీ పఠనంలో స్పష్టమైన పురోగతి కనిపించింది. పిల్లలకు గురువుగా నిలబడిన పర్యవేక్షకుడు తర్వాత గురువుకు సలహా చెప్పినప్పుడు ఆ మాటకు విలువ ఉంటుంది.

ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే సారాంశం తేటతెల్లమవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయుని చేతికి సమాచారం అందింది గాని, దాని ప్రకారం పాఠాన్ని మార్చుకునే సమయమూ, వెసులుబాటూ అందలేదని చెప్పుకోవచ్చు. పాఠ్యప్రణాళిక పూర్తిచేయవలసిన బాధ్యత మునుపటిలాగానే నెత్తిన ఉన్నది. హర్యానాలో రెండవ పద్ధతి అవలంబించిన బడులలో సమాచారం స్వల్పం, ఒక్క కాగితం. కాని దాని వెంట ఒక గంట కాలం, ఒక కొత్త కూర్పు, ఒక తోడు నడిచాయి. తూకం వేసినంతమాత్రాన ధాన్యం పెరగదు. తూకం చూసి నీరు పెట్టినప్పుడే పైరు ఎదుగుతుంది.

ఢిల్లీ ప్రయత్నాలు

పై అనుభవాలు ప్రధానంగా ప్రాథమిక దశకు సంబంధించినవి. ఆరవ తరగతి దాటిన పిల్లల విషయంలో ఢిల్లీ నగరం నుంచి నేర్చుకోవలసినవి ఉన్నాయి. 2016లో అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ఆరవ తరగతి పిల్లలను పరిశీలించగా, తమ హిందీ వాచకంలోని పేరాను చదవలేనివారు నూటికి సుమారు 74 మంది అని తేలింది. ఆ ఏడాదే ‘చునౌతీ’, అనగా సవాలు, అనే పేరుతో ఆరు నుంచి తొమ్మిదవ తరగతి వరకు విద్యార్థులను స్థాయినిబట్టి బృందాలుగా చేసే కార్యక్రమం ప్రారంభమైంది. 2018లో ‘మిషన్ బునియాద్’ పేరిట పఠన, గణిత పునాదులను పటిష్ఠం చేసే కృషి మూడవ తరగతి నుంచి తొమ్మిదవ తరగతి దాకా విస్తరించింది.

అదే నగరంలో, 2015-16లో, యంత్రసహాయంతో మరొక ప్రయోగం జరిగింది. బడి ముగిసిన తరువాత విద్యార్థులు ఒక కేంద్రానికి వచ్చి 45 నిమిషాలు కంప్యూటరు ముందు, మరో 45 నిమిషాలు చిన్న బృందంలో ఉపాధ్యాయుని వద్ద గడిపేవారు. పిల్లవాడు ఇచ్చే ప్రతి జవాబును కంప్యూటరు నమోదు చేసుకొని, అతని స్థాయికి తగిన తరువాతి ప్రశ్నను అందించేది. మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, లాటరీలో అవకాశం దక్కిన విద్యార్థులు నాలుగున్నర నెలల్లో అవకాశం దక్కనివారికంటే గణాంక పరిభాషలో హిందీలో 0.23, గణితంలో 0.37 ప్రామాణిక విచలనాల మేరకు ముందంజ వేశారు. ఇవి అల్పమైన అంకెలు కావు. అంతకుమించి గమనించవలసినది మరొకటి ఉన్నది. అవకాశం దక్కని పిల్లలలో తరగతి అడుగున ఉన్న మూడవ వంతు విద్యార్థులు ఆ కాలమంతా క్రమం తప్పకుండా బడిలో నమోదై ఉండి కూడా చెప్పుకోదగిన ప్రగతి సాధించలేదు. పాఠం వారి తలమీదుగా సాగిపోయింది. ఎవరూ వారిని నిర్లక్ష్యం చేయాలని తలపెట్టలేదు. వారు ఎక్కడున్నారో ఎవరికీ తెలియకపోవడమే నిర్లక్ష్యంగా పరిణమించింది.

అంకెల నిజాయితీ

సమాచారం ఉపయోగపడాలంటే ముందు అది నిజం కావాలి. మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలలు నిర్వహించిన పరీక్షల ఫలితాలను అభిజీత్ సింగ్ పునఃపరీక్షతో సరిపోల్చగా, అధికారిక పత్రాలలోని సాధన అసలు స్థాయికంటే ఎంతో ఎక్కువగా నమోదైనట్లు వెల్లడైంది. ఆంధ్రప్రదేశ్‌లో కాగితంపై నిర్వహించిన పరీక్షలను ట్యాబ్లెట్‌లపై నిర్వహించిన పరీక్షలతో పోల్చినప్పుడు సైతం కాగితం పరీక్షల మార్కులు ఉబ్బి ఉన్నట్లు తేలింది.

ఇందుకు ఉపాధ్యాయులను నిందించి ఊరుకోవడం సులభం, కాని న్యాయం కాదు. అంకె తక్కువైతే సంజాయిషీ అడుగుతారనే భయం ఉన్నచోట అంకె పెరుగుతుంది, పఠనం పెరగదు. లోపనిర్ధారణ పరీక్షకూ వార్షిక పరీక్షకూ ఉన్న తేడా ఇదే. మొదటిది వైద్యుని చేతి నాడి వంటిది. జ్వరం ఎక్కువ ఉన్నదని చూపినందుకు నాడిని ఎవరూ శిక్షించరు. తరగతి గదిలో తీసిన పఠన వివరాలను ఉపాధ్యాయుని పనితీరుకు కొలమానంగా వాడబోమనే హామీ పై అధికారుల నుంచి వచ్చినప్పుడే ఆ వివరాలు నిజాన్ని పలుకుతాయి. జిల్లా స్థాయి తీర్పులకు స్వతంత్ర నమూనా సర్వేలు ఉండనే ఉన్నాయి.

భాషలు పలు, మెట్లు ఒక్కటే

మనది పలు భాషల, పలు లిపుల దేశం. హిందీలో తయారైన పఠన పత్రాన్ని తెలుగులోకి అనువదిస్తే పని పూర్తి కాదు. దేవనాగరిలో సగం అక్షరం ముందు వచ్చి తరువాతి అక్షరానికి ఆనుకొని ఉంటుంది. తెలుగులో ఒత్తు అక్షరం కిందికి, పక్కకు వెళుతుంది. హిందీ బాలుడు తడబడేచోట తెలుగు బాలుడు తడబడకపోవచ్చు, తెలుగు బాలిక ఆగేచోట హిందీ బాలిక ఆగకపోవచ్చు. అందుచేతనే ‘అసర్’ పత్రాలను ఏ భాషకు ఆ భాషలో, ఆయా రాష్ట్రాల వాచకాల స్థాయిని చూసి రూపొందిస్తారు. మెట్లు అందరికీ ఒకటే. మెట్లు కట్టే రాయి మాత్రం స్థానికం.

ఇంతకంటే సున్నితమైన అంశం ఇంటి భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసి ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య ప్రారంభమైంది. ఇంట్లో కోయ మాట్లాడే బాలిక తెలుగు పేరాను కూడబలుక్కుంటూ చదివి, అర్థం చెప్పలేకపోతే, ఆమెకు అక్షరం రాదనుకోవడం పొరపాటు. ఆమెకు రానిది అక్షరం కాదు, ఆ మాట. పఠన పట్టికలో ‘ఇంటి భాష’ అనే ఒక్క గడి అదనంగా ఉంటే ఈ పొరపాటు జరగదు. ముంబయి, బెంగుళూరు నగరాల్లో వలస కుటుంబాల తెలుగు పిల్లలకూ, మన నగరాలకు పనులకోసం వచ్చిన ఒడియా, హిందీ కుటుంబాల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

ముద్ర పడరాదు

చివరగా ఒక హెచ్చరిక అవసరం. ఢిల్లీ కార్యక్రమంలో చదవగలిగినవారి బృందానికి ‘ప్రతిభ’ అనీ, చదవలేనివారి బృందానికి ‘నిష్ఠ’ అనీ పేర్లు పెట్టారు. రెండూ మంచి మాటలే. కాని పన్నెండేళ్ళ పిల్లవానికి ఏ పేరు దేన్ని సూచిస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. బృందం రోజులో ఒక గంటకు పరిమితమై, మిగిలిన కాలమంతా తరగతి కలిసి కూర్చొని, ఆరు వారాలకొకసారి మళ్ళీ పరిశీలించి పిల్లలను ముందు మెట్టుకు చేరుస్తూ ఉంటే, అది సహాయమవుతుంది. ఏడాది పొడవునా కదలకుండా ఉంటే అది ముద్ర అవుతుంది. పిల్లల వివరాలను నోటీసుబోర్డుపై అతికించడం, ఇతరుల ముందు చదవడం తగదు. వ్యక్తిగత సమాచార పరిరక్షణకు పార్లమెంటు 2023లో చేసిన చట్టం బాలల సమాచారం విషయంలో ప్రత్యేక జాగ్రత్తలను నిర్దేశించింది. చట్టం లేకపోయినా, గురువు పాటించవలసిన మర్యాద అది.

తెలంగాణలో ప్రాథమిక తరగతులకోసం 2022లో ప్రారంభించిన ‘తొలిమెట్టు’, ఉన్నత తరగతులకోసం అటుపై వచ్చిన ‘ఉన్నతి’ వంటి కార్యక్రమాలు పిల్లల స్థాయిని గుర్తించి బోధించాలనే ఆలోచనకు నిదర్శనాలు. వాటి సాఫల్యం ఎన్ని పట్టికలు పై కార్యాలయాలకు చేరాయనే దానిపై గాక, ఎన్ని తరగతుల్లో మరునాటి పాఠం మారిందనే దానిపై ఆధారపడి ఉంటుంది.

కనుక సేకరించే ప్రతి వివరానికీ ఒక చిన్న ప్రశ్న వేసుకోవడం మేలు: ఇది తెలిసినందువల్ల రేపటి పాఠంలో ఏమి మారుతుంది? సమాధానం లేని గడిని పట్టికలోంచి తొలగించవచ్చు. అలా మిగిలిన కాలాన్ని, తరగతిలో చివరి వరుసలో పుస్తకం తెరుచుకొని, చదువుతున్నట్లు పెదవులు మాత్రం కదుపుతున్న పిల్లవాని పక్కన కూర్చోవడానికి వినియోగించవచ్చు. అతని పేరు హాజరుపట్టీలో ఏడేళ్ళుగా ఉన్నది. అతడు ఏ మాటవద్ద ఆగిపోయాడో తెలుసుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు.